‘సరే’ నొక్కిన చెయ్యి నాదేనన్న నిదానం గారు

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం, జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత ఇంకా విప్పుకోని తెల్లచొక్కాతో, చేతిలో భోజనం డబ్బాతో మన వైద్య పరీక్షల సమాచార కేంద్రం మెట్లెక్కి, కంప్యూటర్ గదిలో ఆపరేటరుగా విధుల్లో చేరిన ఒక బక్కపలచని యువకుడు, ఈ నెలాఖరున వ్యవస్థల విభాగం ఉపాధిపతిగా సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. మన కేంద్రం చేసే పని ఏమిటో సహోద్యోగులకు చెప్పనక్కర లేకపోయినా, ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఒక్క మాట. ఆసుపత్రిలో రోగి చేతి నుంచి తీసిన రక్తం ప్రయోగశాలకు చేరాక, అక్కడి యంత్రం తేల్చిన అంకెలు తిరిగి వైద్యుడి బల్ల మీదికి వచ్చేదాకా మధ్యలో ఉన్న దారంతా మన కేంద్రానిదే. ఆ దారి మీద ఎక్కడా గుంట పడకుండా తన ఉద్యోగ జీవితాన్నంతా ధారపోసిన ఆ మహనీయుణ్ని అభినందించే భాగ్యం ఈ పుటలకు దక్కింది.

సర్వీసు పుస్తకంలో ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన చక్కటి పేరు ఉన్నది. అది వేతనం పట్టీ మీద తప్ప మరెక్కడా ఎవరి కంటా పడలేదు. ఆయన చేరిన తొలి మాసంలోనే ఒక మధ్యాహ్నం, రెండో అంతస్తులోని కిటికీ లేని ఆ చల్లటి గదిలో, గోడకు ఆనించిన బీరువా అంత యంత్రం ఉన్నట్టుండి మొరాయించింది. అప్పటి సంచాలకులు మహా తొందర మనిషి. గదిలోకి వస్తూనే, “ఆపేసి మళ్లీ వెయ్యండయ్యా, చూస్తారేం” అని కేక వేశారు. స్విచ్చు పక్కనే నిలబడి ఉన్న కొత్త ఆపరేటరు చెయ్యి చాపలేదు.

“నిదానం సార్. ఆపితే ఏం పోతుందో ముందు చూద్దాం.”

“నీ పేరేంటోయ్, నిదానమా?” అన్నారు సంచాలకులు.

గదిలో అందరూ గొల్లున నవ్వారు. లోపల సగం అచ్చయి ఉన్న ఒక వార్డు ఫలితాలు ఆ నిదానం వల్ల దక్కాయి. పేరు మాత్రం ఆనాటి నుంచి ఆయనకే దక్కింది. ఆ తర్వాత చేరినవాళ్లకు అది మారుపేరని కూడా తెలియదు. ఇంటికి ఫోన్ చేసి “నిదానం గారు ఉన్నారాండీ” అని అడిగిన ఒక కొత్త ఉద్యోగికి, పాఠశాలలో లెక్కలు చెప్పే ఆయన శ్రీమతి, “బజారుకెళ్లారు బాబూ. పేరుకు తగ్గట్టే వస్తారు, నువ్వు భోంచేసి మళ్లీ చెయ్యి” అని జవాబిచ్చారట.

తొంభైల చివర బీరువా యంత్రం పోయి వరుసగా సర్వర్లు వచ్చాయి. పనికొక సర్వరు, సర్వరుకొక నైజం. ఎక్స్-రే బొమ్మలు మోసే సర్వరు కాస్త వేడెక్కితే చాలు అలిగేది. రక్తపరీక్షల సర్వరు బండచాకిరీ చేసేది కానీ కొత్త ప్రోగ్రామేదైనా పెడితే రెండు రోజులు మూతి ముడుచుకునేది. వాటి కోపతాపాలు నిదానం గారికి సొంత మేనత్తల కోపతాపాలంత బాగా తెలుసు. ఫ్యాను శబ్దం విని దేనికి జబ్బు చేసిందో చెప్పగలిగిన ఆ రోజుల్లో, ఆయన సెలవు పెడితే విభాగమంతా దిక్కులు చూసేది. ఈ మాట ఎవరైనా మెప్పుగా అంటే ఆయన ముఖం మాడ్చుకునేవారు. “నేను లేకపోతే ఆగిపోయే పని నేను సరిగా చెయ్యని పని” అనేది ఆయన సిద్ధాంతం. మనలో చాలామంది తాము లేనిదే పూట గడవదని చాటుకోవడానికి పడే పాట్లు గుర్తు చేసుకుంటే, ఆ సిద్ధాంతం ఎంత అరుదైనదో అర్థమవుతుంది.

ఆ సిద్ధాంతమే ఆయనను కంటైనర్ల వైపు నడిపించింది. ఒక ప్రోగ్రాము నడవడానికి కావలసిన సరంజామా అంతా దానితో పాటే ఒక డబ్బాలో పెట్టి మూత వేస్తే అది కంటైనరు. ఆ డబ్బాను ఏ యంత్రం మీద పెట్టినా ఒకేలా నడుస్తుంది. అటువంటి యంత్రాలు కొన్నిటిని ఒక జట్టు కట్టి, ఏ డబ్బా ఎక్కడ ఉండాలో, ఎన్ని ఉండాలో, ఒకటి పడిపోతే దాని స్థానంలో ఇంకొకటి ఎప్పుడు లేవాలో చూసుకునే పెత్తనం మరొక ప్రోగ్రాముకు అప్పగిస్తే అది క్లస్టరు. తాను ఫ్యాను శబ్దంతోనే గుర్తుపట్టగలిగిన సర్వర్లను తానే దగ్గరుండి మూయించి, ఈ కొత్త పద్ధతికి మన కేంద్రాన్ని మళ్లించిన నాడు ఆయన వయస్సు యాభై దగ్గర పడుతున్నది. ఆ వయస్సులో కొత్త చదువు మొదలుపెట్టి, అందులో తన కంటే చిన్నవారికి గురుతుల్యులు కావడం సామాన్య విషయం కాదు. ఇంట్లో ఈ క్లస్టరు సంగతి శ్రీమతికి రాత్రి భోజనాల దగ్గర విపులంగా బోధించగా, ఆమె అంతా విని, “ఇన్నాళ్లూ గిన్నెలు కడిగేవారు. ఇప్పుడు గిన్నెలు కడిగే మిషన్ను కడుగుతున్నారు. అంతేనా?” అన్నారట. అంతకంటే క్లుప్తమైన నిర్వచనం తమకు ఏ శిక్షణ తరగతిలోనూ దొరకలేదని నిదానం గారు పదిమందిలో ఒప్పుకునేవారు.

డబ్బాలు వచ్చాక వాటిని తిప్పే దారి వెయ్యాలి. క్లస్టరులో ఏ మార్పు చెయ్యదలిచినా అది ముందు రాతలో ఉండాలని, పరీక్షించే వ్యవస్థలో నెగ్గాలని, ఇంకొకరు చదివి ఒప్పుకోవాలని, అప్పుడు మాత్రమే దానంతట అది అసలు క్లస్టరులోకి వెళ్లాలని, ఎవరూ నేరుగా చెయ్యి పెట్టకూడదని ఆయన కట్టడి చేశారు. మొదట్లో గొణిగినవారే తర్వాత ఆ దారికి అలవాటు పడి, సాయంత్రం వేళకు ఇళ్లకు చేరడం నేర్చుకున్నారు. మన విభాగంలో పలువురి పిల్లలు తండ్రుల ముఖాలు, తల్లుల ముఖాలు వెలుతురులో చూడగలిగారంటే దాని వెనుక ఆయన కృషి ఉన్నది.

అటుపిమ్మట కృత్రిమ మేధ కాలం వచ్చింది. మామూలు మాటల్లో అడిగితే అర్థం చేసుకుని, క్లస్టరును పరిశీలించి, మనం దాని చేతికిచ్చిన పనిముట్లతో తానే పని చక్కబెట్టగల ఒక సహాయక వ్యవస్థను మన స్వయంచాలిత దారికి జోడించిన ఘనత నిదానం గారిది, ఆయన తీర్చిదిద్దిన బృంద నాయకురాలిది. విభాగమంతా దానిని ‘గుమాస్తా’ అని పిలిచింది. “గుమాస్తా, ఎక్స్-రే డబ్బాలెందుకు మాటిమాటికీ పడిపోతున్నాయి?” అని అడిగితే చాలు, అది వెతికి, కారణం చెప్పి, “మెమరీ చాలడం లేదు. పెంచనా?” అని అడిగేది. మన సంచాలకులు మొదటి రోజే గట్టి షరతు పెట్టారు. గుమాస్తా ఏ చిన్న పని చెయ్యాలన్నా మనిషి అనుమతి తీసుకోవాలి. తెర మీద ప్రశ్న వస్తుంది, కింద ‘సరే’ అని ఆకుపచ్చ బటన్ ఉంటుంది, అది నొక్కితేనే పని జరుగుతుంది. అందరికీ ధైర్యం చిక్కింది. పగ్గం మనిషి చేతిలోనే ఉన్నదని పై అధికారులకు ఘనంగా నివేదించుకున్నాం.

కొన్ని వారాలకు బృంద నాయకురాలు విసుక్కున్నారు. “సార్, ఇది అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా మంచినీళ్లు తాగడానికి కూడా పర్మిషన్ అడుగుతోంది.”

“అడగనీ తల్లీ. అడగడం మర్యాదే కదా” అన్నారు నిదానం గారు.

“మర్యాదే సార్. నొక్కీ నొక్కీ నా వేలు పడిపోయేలా ఉంది.”

ఇంతవరకు రాసిన తర్వాత, ఆపై జరిగిన సంగతి అభినందన సంచికలో రాయవచ్చునా అని సంపాదక వర్గం తటపటాయించింది. సన్మానం చేయబోయే పెద్దమనిషి పొరపాటును అచ్చు వెయ్యడమేమిటని కొందరు నీళ్లు నమిలారు. చివరికి నిదానం గారినే అడగగా, “అది తీసేసి రాస్తే అది వేరే ఎవరి గురించో అవుతుంది. రాయండి, పేర్లతో పనిలేదు కానీ సంగతి పూర్తిగా రాయండి” అన్నారు. కనుక వారి ఆజ్ఞ మేరకు పూర్తిగా రాస్తున్నాం.

మూడేళ్ల క్రిందట ఒక మంగళవారం. అదే వారంలో గురువారం నాడు నిర్వహణ మండలి సమావేశం ఉన్నది. క్లస్టరు నిర్వహణ మన బృందం చేతిలోనే ఉంచాలా, లేక బయటి సంస్థకు అప్పగించాలా అన్నది ఆ రోజు తేలాలి. బయటికి పోతే బృందంలో ఎవరు ఎక్కడికి బదిలీ అవుతారో, ఎవరు అసలు మిగులుతారో తెలియదు. మనుషులు కాఫీ గది దగ్గర మాటలు తగ్గించి మాట్లాడుకుంటున్న రోజులవి. నిదానం గారు మాత్రం, క్లస్టరు శుభ్రంగా ఉంటే మన వాదన దానంతట అదే నిలబడుతుందని, వాడకంలో లేని సమాచార నిల్వలన్నీ ఏరివేసే పని ఆ ఉదయం గుమాస్తాకు చెప్పారు.

అదే సమయంలో, రక్తపరీక్షల ఫలితాలను ఆసుపత్రులకు చేరవేసే డబ్బాను కొత్తదానితో మార్చడం కోసం కాసేపు ఆపి ఉంచారు. ప్రయోగశాల నుంచి వచ్చే ఫలితాలు అంతవరకు ఒక నిల్వలో పోగుపడి ఉంటాయి. కొత్త డబ్బా లేవగానే అక్కడి నుంచి బయల్దేరతాయి. మామూలు రోజుల్లో ఆ నిల్వలో ఏదీ క్షణకాలం మించి నిలవదు కనుక దానికి నకలు ఉంచే ఏర్పాటు లేదు. డబ్బా ఆగి ఉన్నది కాబట్టి, ఆ క్షణాన చూస్తే ఆ నిల్వను ఎవరూ వాడుతున్నట్టు కనిపించదు. గుమాస్తా అడిగింది. “ఈ నిల్వను ప్రస్తుతం ఏ కంటైనరూ వాడటం లేదు. ఇందులో సమాచారం ఉంది. తొలగిస్తే తిరిగి రాదు. తొలగించనా?”

నిదానం గారి చెవి దగ్గర ఫోన్ ఉన్నది. గురువారం సమావేశానికి ఎన్ని కుర్చీలు వెయ్యాలో కింది అంతస్తు వాళ్లు అడుగుతున్నారు. ఆయన మాట్లాడుతూనే ‘సరే’ నొక్కారు. ఫోన్ పెట్టేసే లోపలే ఆయనకు ఏదో తోచింది. తెర వైపు తిరిగారు. అప్పటికే కింద చిన్న అక్షరాల్లో ‘పూర్తయింది’ అని ఉన్నది. మాట మధ్యలోనే ఆయన ఫోన్ పెట్టెయ్యడం పక్క బల్ల దగ్గరున్న బృంద నాయకురాలు చూశారు.

“ఏమైంది సార్?”

“పొద్దుట్నించీ వచ్చిన రక్తం ఫలితాలు... చెరిపేశాను.”

ఆయన అప్పటికే ప్రయోగశాల పెద్ద డాక్టరమ్మకు ఫోన్ చేస్తున్నారు. ఎవరి మీదా నెపం పెట్టకుండా, అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పకుండా, “డాక్టరమ్మా, నా వల్ల పొరపాటు జరిగింది. పొద్దుటి ఫలితాలు మా దగ్గర లేవు. మీ మిషన్లలో ఇంకా ఉన్నాయా?” అని అడిగారు.

“ఉన్నాయి. మధ్యాహ్నం మిషన్లు కడిగేటప్పుడు చెరిపేస్తాం. ఇంకాసేపట్లో మొదలుపెట్టబోతున్నారు.”

“కడగనివ్వకండమ్మా. మళ్లీ పంపించండి. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుని ఒక్కొక్కటీ సరిచూస్తాను.”

“మీరు నిదానం గారే కదా మాట్లాడుతోంది?” అన్నారట ఆవిడ, నమ్మకం కుదరక.

ఫలితాలన్నీ తిరిగి వచ్చాయి. ఆపదలో ఉన్నవారి ఫలితాలను డాక్టరమ్మ స్వయంగా ఫోన్లో వార్డులకు చదివి వినిపించారు. ప్రాణహాని జరగలేదు. అయితే ఆ పూట ఆసుపత్రుల బయట బల్లల మీద కూర్చున్న అనేకమంది రోగులు, ‘ఇంకా రాలేదు’ అన్న జవాబు విని మధ్యాహ్నం దాకా ఆకలితో ఎదురుచూశారు. రెండు చిన్న శస్త్రచికిత్సలు మరునాటికి వాయిదా పడ్డాయి. ఈ మాటను నిదానం గారు నేటికీ తేలికగా తీసుకోరు.

సాయంత్రానికి సంచాలకుల గదిలో తలుపు మూసుకుని ముగ్గురు కూర్చున్నారు: సంచాలకులు, నిదానం గారు, బృంద నాయకురాలు. కేంద్రమంతటా అప్పటికే ఒక మాట పాకిపోయింది. కృత్రిమ మేధ ఫలితాలు చెరిపేసిందట అని. ఎవరూ ఎవరినీ అడగకుండానే అందరూ నమ్మేశారు.

సంచాలకులు మంచివారు. ఆ సంగతి కూడా రాయాలి. ఆయన కోరినది తన రక్షణ కాదు, బృందం రక్షణ. “చూడండి, ఎల్లుండే మీటింగు. గుమాస్తా పొరపడింది, దాన్ని పక్కన పెట్టేశాం అని రెండు ముక్కలు రాసేద్దాం. వాళ్లు తృప్తి పడతారు. మన మనిషే చేశాడని తెలిస్తే, మీవాళ్లు అజాగ్రత్త మనుషులని, పని బయటికిచ్చేస్తారు. మీ ప్రమోషన్ ఫైలు కూడా అదే బల్ల మీద ఉంది, మర్చిపోకండి.”

బృంద నాయకురాలు కూడా బతిమాలారు. “సార్, దానికి పెళ్లాం పిల్లలున్నారా? దాని మీద రాస్తే అదేం బాధపడదు. మా అందరి సంగతీ ఆలోచించండి.”

నిదానం గారి గొంతు మామూలుగానే ఉన్నది. “అది బాధపడదు తల్లీ, నిజమే. కానీ దాని తప్పని రాస్తే, రేపు దాన్ని బాగుచేస్తాం. పాడైంది అది కాదు. అది అడిగింది. పోతే తిరిగి రాదని కూడా చెప్పింది. పాడైంది మన చెయ్యి. దాన్ని అలాగే వదిలేస్తే ఇంకోనాడు ఇంకో చెయ్యి నొక్కుతుంది. ఆ రోజు డాక్టరమ్మ మిషన్లు కడిగేసి ఉంటారు.”

“అయితే ఏం రాద్దామంటారు?” సంచాలకుల గొంతులో నీరసం.

“ఒక్క రోజు టైమివ్వండి సార్.”

ఇంటికి వెళ్లి జరిగినది శ్రీమతికి చెప్పారు. తన వల్ల బృందం నష్టపోతే ఆ ముఖాలు ఎలా చూడగలనని ఆయన దిగులు. ఆమె ఎదురుగా పిల్లల పరీక్ష పేపర్లు పరచుకుని ఉన్నారు. ఎర్ర కలం ఆపలేదు.

“లెక్క తప్పితే నేను పేజీ అంతా కొట్టెయ్యనండీ. ఎక్కడ తప్పిందో ఆ వరుస కింద గీత గీస్తాను. ఆ గీత చూసుకుంటేనే పిల్లవాడు బాగుపడతాడు. తప్పు వరుస కింద కాకుండా పక్క వరుస కింద గీశాననుకోండి, వాడు ఒప్పును కూడా తప్పు చేసుకుంటాడు.”

“నీ పిల్లలకు ఉద్యోగాలు పోవు కదే.”

“పోవు. మీ వాళ్లవి పోతాయో ఉంటాయో మీకూ తెలీదు. గీత ఎక్కడ గియ్యాలో మాత్రం తెలుసు. ఇక తిని పడుకోండి.”

గురువారం నాడు పొడుగాటి బల్ల చుట్టూ మండలి సభ్యులు కూర్చున్నారు. మన బృందం గోడ వెంట వేసిన కుర్చీల్లో కూర్చున్నది. నిదానం గారు లేచి, ఉపోద్ఘాతమేమీ లేకుండా, “మంగళవారం ఫలితాలు పోగొట్టింది యంత్రం కాదు. ‘సరే’ నొక్కిన చెయ్యి నాది” అన్నారు. గోడ వెంట కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరు కళ్లు మూసుకున్నారు.

ఆయన అంతటితో కూర్చుంటే అది నిజాయితీ అయ్యేది. ఆయన కూర్చోలేదు. గుమాస్తా అడిగిన ప్రతి ప్రశ్నకూ, మనిషి ‘సరే’ అనడానికీ మధ్య ఎంత వ్యవధి ఉన్నదో, అది పెట్టిన తొలి వారం నుంచి మొన్నటి దాకా తెర మీద ఒక గీతగా గీసి చూపించారు. మొదటి వారంలో ప్రతి ప్రశ్ననూ చదివిన జాడ ఉన్నది. తర్వాత తర్వాత ఆ వ్యవధి కరిగిపోయి, చివరికి కన్ను మూసి తెరిచేంత కూడా మిగల్లేదు. తనది, బృందానిది, అందరిదీ అదే తీరు. “రోజంతా చిల్లర ప్రశ్నలకు ‘సరే’ అంటూ ఉంటే, ఆ మాటకు అర్థం పోతుంది. మేం కాపలా కాస్తున్నామనుకున్నాం. నిద్రలో తలూపుతున్నాం. నా పేరు నిదానమని పెట్టారు. ఆ గీత చివర నా పేరు కూడా ఉంది, చూడండి.”

ఆర్థిక వ్యవహారాల అధికారి కళ్లజోడు సవరించుకున్నారు. “అయితే రెండుసార్లు అడిగేలా చేయించండి. పెద్ద పనేముంది?”

“రెండుసార్లు అడిగితే రెండుసార్లు నొక్కుతాం సార్. తక్కువసార్లు అడగాలి.”

ఆ ఒక్క రోజు వ్యవధిలో ఆయన, బృంద నాయకురాలు కలిసి సిద్ధం చేసిన కొత్త పద్ధతిని అప్పుడు వివరించారు. జరిగాక వెనక్కి తిప్పగలిగిన పని ఏదైనా గుమాస్తా అడగకుండానే చేసి, చేశానని చెప్పాలి. తిప్పలేని పని అయితేనే అడగాలి. అడిగినప్పుడు అక్కడ బటన్ ఉండకూడదు. ఈ పని జరిగితే ఏం పోతుందో మనిషి తన సొంత మాటల్లో రాయాలి. రాసినది అసలు సంగతితో సరిపోతేనే పని ముందుకు సాగాలి. ఆగి ఉన్న డబ్బా తాలూకు నిల్వను వాడకంలో లేనిదిగా ఎంచకూడదన్న చిన్న సవరణ కూడా చేశారు. కానీ అది చిన్నదేనని, అసలు మరమ్మతు చేతికేనని పదే పదే నొక్కి చెప్పారు.

మండలి ఆ మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడింది. బయటి సంస్థ వారికి కూడా ఒక ప్రశ్న వేశారట. మీవాళ్లు పొరపాటు చేస్తే మాకు ఎలా తెలుస్తుంది అని. మా వాళ్లు పొరపాట్లు చెయ్యరండీ అని వాళ్లు జవాబిచ్చారట. నిర్వహణ మన బృందం చేతిలోనే ఉంచాలని సాయంత్రానికి నిర్ణయం వెలువడింది. దానితో పాటే మరొక కాగితం కూడా వచ్చింది. నిదానం గారి సర్వీసు పుస్తకంలో పొరపాటు నమోదైంది. విభాగాధిపతిగా రావలసిన పదోన్నతి ఆగిపోయింది. ఆ కుర్చీ కొద్ది నెలలకు బృంద నాయకురాలికి దక్కింది. ఆమె వద్దంటూ ఆయన బల్ల దగ్గరికి వెళ్లి నిలబడితే, “కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి తల్లీ, నా నడుముకు ఆ చక్రాల కుర్చీ పడదు. వెళ్లు, సంతకాలు పేరుకుపోతున్నాయి” అని పంపించారు. నాటి నుంచి నేటి వరకు ఆమె కింద పని చేస్తూ, ఒక్క రోజు కూడా పాత పెద్దరికం చూపక, ఒక్క మాట కూడా చేదుగా పలకక మెలగిన తీరు మనం కళ్లారా చూశాం. ఉపాధిపతి హోదాతోనే విరమణ చేస్తున్నారన్న మాటను ఈ వ్యాసం మొదటి వాక్యంలోనే గర్వంగా రాసుకున్నది అందుకే.

ఈ మూడేళ్లలో ఆ పద్ధతి ఏం చేసిందో మనందరికీ అనుభవమే. గుమాస్తా రోజంతా తన పని తాను చేసుకుపోతుంది. ఎప్పుడో ఒకసారి ప్రశ్న అడుగుతుంది. అది అడిగిందంటే చాలు, గదిలో మాటలు ఆగుతాయి, ఫోన్లు బోర్లా పడతాయి, పక్కవాళ్లు కుర్చీలు జరుపుకుని తెర దగ్గరికి వస్తారు. ‘ఏం పోతుంది?’ అన్నది మన విభాగంలో పలకరింపు మాట అయిపోయింది. మన దగ్గర నేర్చుకుందామని వేరే కేంద్రాల నుంచి వచ్చినవారికి నిదానం గారు పాఠం చెప్పేటప్పుడు, మంగళవారం సంగతితోనే ప్రారంభిస్తారు. ఎవరి పొరపాటు అని వాళ్లు అడిగేదాకా ఆగరు, ముందే చెప్పేస్తారు.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు వారం, ఆయన అధికారాలన్నీ క్లస్టరు నుంచి తొలగించవలసిన పని మిగిలింది. విరమణ చేసేవారి విషయంలో అది తప్పనిసరి. విభాగాధిపతి కుర్చీలో ఉన్న మన నాయకురాలు ఆ పని తానే చేస్తానని పూనుకున్నారు. పక్కన నిదానం గారు నిలబడి చూస్తున్నారు. ఆమె గుమాస్తాకు ఆదేశం రాసి, పంపకుండా ఆగారు.

“సార్, ఇది అడగదు.”

“ఎందుకడుగుతుంది? అధికారాలు తీసేస్తే మళ్లీ ఇచ్చుకోవచ్చు. వెనక్కి తిప్పగలిగే పనే.”

“ఈ ఒక్కదానికీ అడిగేలా చేయిస్తాను. ఏం పోతుందో రాస్తాను. నేనే రాస్తాను. రెండు నిమిషాల పని.”

గదిలో అందరూ ఎవరి తెరల్లోకి వాళ్లు తలలు దించుకున్నారు. నిదానం గారు కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించారు.

“వద్దు తల్లీ. ఇవాళ మనసు బాగోలేదని ఒకదానికి అడిగిస్తే, రేపు ఇంకొకరికి ఇంకోదానికి బాగోదు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అందరూ నిద్రలో తలూపుతూ ఉంటారు. దాన్ని అడగనివ్వకు.”

“మీకు బాధగా లేదా?”

“ఎందుకు లేదు? ఉంది. బాధ ఉంటే కాఫీకి వెళ్దాం. పద్ధతి మార్చకూడదు.”

ఆమె పంపారు. గుమాస్తా ఏమీ అడగలేదు. తన పని తాను చేసి, చేశానని ఒక వరుస చెప్పింది. ఆ వరుసను నిదానం గారు అద్దాలు పైకి జరుపుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. చదివి, సరిగ్గా ఉందన్నట్టు తల ఊపి, కాఫీ గది వైపు నడిచారు. విభాగమంతా లేచి ఆయన వెంట వెళ్లింది.

తాను లేకపోతే ఆగిపోయే పని తాను సరిగా చెయ్యని పని అన్న మనిషి, ఏదీ ఆగని విభాగాన్ని మనకు అప్పగించి వెళుతున్నారు. ఇన్నేళ్లూ ఆయన వేళలను మనకు విడిచిపెట్టి, ఎర్ర కలంతో ఆయనకు దారి చూపిన శ్రీమతి గారికి మన కేంద్రం సవినయంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది. ఇకపై ఆయన ఉదయాలు ఫోన్లు లేకుండా తెల్లవారాలని, మధ్యాహ్నపు నిద్రకు ఎవరి ప్రశ్నలూ అడ్డుపడకూడదని, నడుము, మోకాళ్లు, కళ్లు ఆయన మాట వింటూ చిరకాలం కొలువు చెయ్యాలని, దంపతులిద్దరూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని కోరుకుంటున్నాం. వారి ఆరోగ్య పరీక్షల ఫలితాలు కూడా ఏటా మన క్లస్టరు మీదుగానే వెళ్లాలి కదా. వెళ్లిన ప్రతిసారీ ప్రతి అంకె ఉండవలసిన హద్దుల్లో ఉండాలని, వాటిని చూసే వైద్యుడు చెప్పడానికి ఏమీ దొరక్క వారిని ఇంటికి పంపించెయ్యాలని మన విభాగమంతా ముక్తకంఠంతో ఆకాంక్షిస్తున్నది.